రాగి చెంబుకు అంటిన సరిగ పోగు: కరిగించే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది ఇదీ. మైదుకూరు దగ్గర మీ తాతల నాటి మట్టిమిద్దె పడగొడుతుంటే పునాది రాళ్ల సందున ఒక రాగి చెంబు బయటపడింది. చెంబు లోపలి వైపు అరచేయంత గుడ్డ పీలిక పచ్చగా, గట్టిగా అంటుకుపోయి ఉంది. అందులో సన్నటి పోగులు అక్కడక్కడా పసుపుగా మెరుస్తున్నాయి. అమ్మ చింతపండుతో తోమి చూద్దామంటున్నారు. మేనమామ ప్రొద్దుటూరు తీసుకుపోయి మిషన్‌లో పెట్టించి, బంగారమని తేలితే కరిగిద్దామంటున్నారు. మీకేమో అది నిజంగా బంగారు పోగేనా, ఎన్నేళ్ల నాటిది, ల్యాబుల్లో ఎట్లా తేలుస్తారు అన్నది తెలియాలి.

ముందు ఒక మాట. తోమొద్దు, కడగొద్దు, నిప్పు చూపించొద్దు, గుడ్డను చెంబు నుంచి ఊడబెరకొద్దు. మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు, ఇది మాత్రం ఇప్పుడే ఇంట్లో అందరికీ చెప్పండి.

నాది ధర్మవరం. మగ్గాల ఇంట్లో పుట్టి, మెటలర్జీ చదివి, పాత లోహపు వస్తువుల పరీక్షల్లోనే పనిచేశాను. సరిగ పోగులు మైక్రోస్కోపు కింద చాలా చూశాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

మీ మేనమామకు ముందు లెక్క చూపించండి. సరిగలో దారానికి చుట్టే రేకు వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు, మందం 15 మైక్రాన్లు అనుకుందాం. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అట్లాంటి రేకు మీటరు పొడవుంటే తూకం సుమారు 50 మిల్లీగ్రాములు. దాని మీద బంగారు పూత చాలా పోగుల్లో అర మైక్రాను కూడా ఉండదు. మీ పీలికలో అయిదారు మీటర్ల రేకు ఉందనుకున్నా వెండి పావు గ్రాము పైచిలుకు, బంగారం 20 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. తరుగు పోను చేతికి ఏం మిగులుతుంది? మన ఊళ్లలో ‘పాత జరీ చీరలు కొంటాం’ అని వీధుల్లో తిరిగేవాళ్లకు అమ్మేసిన పెళ్లిచీరలన్నీ ఇట్లాగే మంటల్లో పోయాయి. వెండి దొరికింది నిజమే. ఆ నేత ఎట్లా ఉండేదో, ఏ పోగు ఎక్కడ దూరేదో చెప్పే ముక్క ఒక్కటీ మిగలలేదు. రాయలసీమలో నూట యాభై, రెండొందల ఏళ్ల నాటి సరిగ నేత చూపించమని ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర ఉన్నది బహు తక్కువ. మీ చెంబులో ఉన్నది అట్లాంటిదే అయితే దాని విలువ ఆ 20 మిల్లీగ్రాములతో కొలిచేది కాదు.

ఇక ఆ గుడ్డ ఇన్నాళ్లు మట్టిలో ఎట్లా నిలిచింది? మామూలుగా నేలలో పడిన నూలు గుడ్డను, పట్టును బూజూ బ్యాక్టీరియా కొన్నేళ్లలోనే తినేస్తాయి. మన నేలల్లో సున్నం పాలు ఎక్కువ. క్షారగుణం ఉన్నచోట పట్టు, ఉన్ని లాంటి మాంసకృత్తుల దారాలు ఇంకా తొందరగా పాడవుతాయి, నూలు కొంచెం ఓర్చుకుంటుంది. కానీ రాగి పక్కన ఉంటే కథ మారుతుంది. తేమకు రాగి నుంచి దిగే లవణాలు సూక్ష్మజీవులకు విషం. అవి దారంలోకి ఇంకి, గుడ్డను తినేవాటిని దగ్గరకు రానివ్వవు. మొహెంజొదారోలో ఒక వెండి పాత్రకు అంటుకుని నూలు గుడ్డ ముక్క మిగిలింది కూడా ఇట్లాగే, అక్కడ వెండి లవణాలు కాపాడాయి. హరప్పాలో రాగి నగల తీగల సందుల్లో ఇరుక్కున్న పట్టు నారలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో గుర్తించి 2009లో ప్రకటించారు. సింధు నాగరికత కాలంలో మన ఉపఖండంలో పట్టు వాడారని తెలిసింది ఆ తుప్పు వల్లే.

ఇక్కడే చింతపండు సంగతి. పురావస్తువుల్లో తరచూ జరిగేదేమిటంటే, దారం కుళ్లిపోతూ ఉండగా రాగి లవణాలు దాని ఆకారంలోనే పేరుకుంటాయి. చివరికి నార పోయి, నార రూపంలో ఉన్న పచ్చటి ఖనిజం మిగులుతుంది. మైక్రోస్కోపులో చూస్తే నూలు నారకు ఉండే మెలికలు, పట్టు నారకు ఉండే నున్నటి ముక్కోణపు కోత, దారం పురి అన్నీ ఆ ఖనిజంలో కనబడతాయి. అంటే మీకు తుప్పులా కనిపిస్తున్న ఆ పచ్చటి పెచ్చే చాలావరకు గుడ్డ. చింతపండు పులుపు రాగి తుప్పును కరిగించేస్తుంది, పూజ సామాను తోమినప్పుడు మనం కోరుకునేది అదే. ఈ చెంబు మీద అదే పని చేస్తే అయిదు నిమిషాల్లో చెంబు తళతళలాడుతుంది, గుడ్డ నీళ్లలో కలిసిపోతుంది. దాంతోపాటు రేకు మీది పూత కూడా గీరుకుపోతుంది. నిమ్మకాయ, విభూతి, టూత్‌పేస్టు అన్నిటికీ ఇదే మాట.

సరిగ పోగు ఎట్లా తయారవుతుందో తెలిస్తే మిగతా సగం సంగతి అర్థమవుతుంది. వెండి కడ్డీ పోసి, దాని చుట్టూ బంగారు రేకు కప్పి, కాచి, ఒత్తి అతికిస్తారు. దాన్ని కమ్మచ్చులో, అంటే వరసగా రంధ్రాలున్న ఉక్కు పలకలో, పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి లాగుతూ పోతే సన్నటి తీగవుతుంది. కడ్డీ సన్నబడినకొద్దీ బంగారపు పొరా అదే పాళ్లలో పలచబడుతుంది గానీ ఎక్కడా తెగదు, బంగారానికున్న సాగే గుణం అది. ఆ తీగను నున్నటి ఉక్కు రోలర్ల మధ్య నలిపి చదును చేస్తే రేకవుతుంది. ఆ రేకును పట్టు దారం మీద చుడితే సరిగ. బంగారు సరిగకు లోపల పసుపు పట్టు, వెండి సరిగకు తెల్ల పట్టు వాడడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. చుట్ల సందులో దారం రంగు కనబడి మెరుపు పెరుగుతుందని.

అంతకుముందు ఇంకో పద్ధతి ఉండేది. బంగారాన్ని సుత్తెతో పలచటి రేకు కొట్టి, కత్తితో సన్నటి పట్టీలుగా కోసేవాళ్లు. గ్రీసులో వెర్జీనా దగ్గర 1977లో బయటపడిన రాజ సమాధిలో ఊదారంగు గుడ్డతో కలిపి నేసినవి బంగారు పోగులే. మూడో రకం కూడా ఉంది. జంతువుల పేగు పొర మీదో తోలు మీదో కాగితం మీదో బంగారు రేకు అతికించి, పట్టీలుగా కోసి దారానికి చుట్టేవాళ్లు. మధ్యయుగపు ఐరోపాలో పేగు పొర, చైనాలో కాగితం ఎక్కువ కనబడతాయి. పై నుంచి చూస్తే మూడూ బంగారు పోగులే. తేడా అంచులో ఉంటుంది.

ఈ అంచు గురించి కాస్త ఆగి చెప్పాలి, నా దృష్టిలో సరిగ పరీక్షలో మొదట అడగాల్సింది ఇదే. కోసిన పట్టీకి అంచు పదునుగా, కత్తి గీతతో ఉంటుంది. పూత పూసిన రేకును కోసి ఉంటే అంచు కోతలో బంగారం ఉండదు, లోపలి వెండి బయటికి కనబడుతుంది. బంగారం ఒకవైపే ఉండొచ్చు కూడా. తీగ లాగి చదును చేసిన రేకుకు అంచు గుండ్రంగా ఉంటుంది. తీగ చుట్టూ పూత ఉంది కాబట్టి నలిపిన తర్వాత అంచుల మీద కూడా బంగారమే ఉంటుంది. రేకు పొడవునా సమాంతరంగా సన్నటి గీతలు కనిపిస్తాయి, కమ్మచ్చు రంధ్రంలోని గరుకు వదిలిన గుర్తులు. నాలుగైదు వందల రెట్లు పెద్దది చేసి చూపించే మైక్రోస్కోపులో రెండు మిల్లీమీటర్ల ముక్క మీద ఇవన్నీ కనబడతాయి. ఏ రసాయనమూ అక్కర్లేదు, ముక్క చెడిపోదు. ఆ పోగు చేసినవాడి చేతిలో ఉన్నది కత్తా కమ్మచ్చా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇక ప్రొద్దుటూరు మిషన్. అంగళ్లలో పెట్టుకున్న క్యారెట్ మీటరు ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రమే, ల్యాబుల్లో వాడేదీ సూత్రం ప్రకారం అదే. ఎక్స్‌రేలు వస్తువు మీద పడితే ఒక్కో మూలకం తనకే సొంతమైన శక్తితో తిరిగి ఎక్స్‌రేలు వదులుతుంది, వాటిని లెక్కబెట్టి శాతాలు చెబుతుంది. ఉంగరానికో గొలుసుకో ఆ లెక్క బాగానే పనికొస్తుంది. ఎందుకంటే ఆ ప్రోగ్రాము వస్తువు మందంగా ఉందనీ, లోపలా బయటా ఒకే మిశ్రమమనీ అనుకుని లెక్క కడుతుంది. సరిగ పోగు అట్లాంటిది కాదు. మైక్రాను కూడా లేని బంగారం కింద పదిహేను మైక్రాన్ల వెండి, దాని కింద పట్టు, దాని కింద మళ్లీ అవతలి వైపు వెండి, బంగారం. ఎక్స్‌రేలు వీటన్నిటినీ దాటుకుపోతాయి. సంగటి ముద్ద మీద చుక్క నెయ్యి పూసి, రెండూ కలిపి మెదిపి, ఇందులో నెయ్యి ఎంత శాతమని అడిగినట్టు ఉంటుంది. అక్కడ వచ్చే ‘బంగారం 6 శాతం’ అన్న అంకె పూతకూ చెందదు, వెండికీ చెందదు.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. చెంబులోని రాగి ఇన్నేళ్లుగా గుడ్డలోకి, పోగు మీదికి దిగి ఉంటుంది. మిషన్ పెద్ద పాళ్లలో రాగి చూపిస్తుంది. అది చూసి ‘ఇది రాగి మీద గిల్టు, నకిలీ సరిగ’ అని ఎవరైనా అనేస్తారు. ఆ రాగి పోగుదో చెంబుదో పై నుంచి చూసి చెప్పడం ఏ యంత్రం తరమూ కాదు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. కొన్ని చేతి యంత్రాల్లో ఎక్స్‌రే గొట్టం లోపలి లోహమే (ఆనోడు) వెండి. అట్లాంటి దానితో చూస్తే వెండి లేని గుడ్డ మీద కూడా వెండి గీతలు, అంటే యంత్రం గీసే గ్రాఫులో వెండి ఉందని చెప్పే గుర్తులు, కనబడతాయి. ఏ ల్యాబుకు ఇచ్చినా ‘మీ గొట్టంలో ఆనోడు ఏ లోహం?’ అని అడగండి. తెలిసినవాళ్లు సంతోషంగా చెబుతారు.

అదే యంత్రాన్ని తెలిసినవాళ్లు వాడితే చాలా రాబట్టొచ్చు. వెండి రెండు రకాల ఎక్స్‌రేలు వదులుతుంది. తక్కువ శక్తివి పై రెండు మూడు మైక్రాన్ల నుంచే బయటపడగలవు, ఎక్కువ శక్తివి లోతు నుంచి కూడా వస్తాయి. పైన బంగారపు పొర ఉంటే తక్కువ శక్తివి అందులో ఆగిపోతాయి. ఈ రెండింటి పాళ్లు చూసి వెండి పైనుందా, బంగారం కిందుందా, పూత సుమారు ఎంత మందమో అంచనా కట్టొచ్చు. పాదరసం గీత కనబడితే అది ఇంకో కబురు. బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి, కాచి పాదరసాన్ని ఆవిరి చేసే పాత గిల్టు పద్ధతి వాడారేమోనని చూడాలి.

అసలైన తీర్పు మాత్రం అడ్డకోతలో ఉంటుంది. దాదాపు అన్ని పురాతన పీలికల్లోనూ దానంతటదే విరిగి రాలిన పోగు ముక్క ఒకటి దొరుకుతుంది, కొత్తగా తెంపాల్సిన పని ఉండదు. రెండు మిల్లీమీటర్ల ముక్క చాలు. దాన్ని ఎపాక్సీ రెజిన్‌లో నిలబెట్టి, గట్టిపడ్డాక రుద్ది, వజ్రపు పొడితో అద్దంలా నునుపు చేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెడతారు. అప్పుడు కనిపించేది చూడదగ్గది. బరువైన మూలకాలు తెల్లగా, తేలికవి నల్లగా వచ్చే ఆ చిత్రంలో, మధ్యలో నల్లటి చుక్కల గుంపు పట్టు నారల కోత. దాని చుట్టూ బూడిదరంగు వెండి కట్టు. ఆ కట్టు బయటి అంచు వెంబడి వెలుగుతున్న తెల్లటి గీత బంగారం. గీత అంచు తిరిగి లోపలి ముఖం మీదికి కూడా వెళ్లిందంటే తీగ లాగిన రేకు. అంచు దగ్గర ఆగిపోతే కోసిన పట్టీ. తెల్ల గీతకు వెండికి మధ్య నల్లటి బొడిపెలు కనిపిస్తే అది వెండి సల్ఫైడు. గాలిలోని గంధకం పూత రంధ్రాల గుండా లోపలికి దిగి వెండిని కొరికి పైకి పాకిన తుప్పు. పాత సరిగ నల్లబడిందంటే చాలామంది బంగారం లేదనుకుంటారు, నిజానికి బంగారం కిందే వెండి నల్లబడి పైకి వచ్చి ఉంటుంది.

ఆ కోత మీదే ఒక్కో పొరను విడివిడిగా కొలుస్తారు. పై నుంచి కొలిస్తే వచ్చే పొరపాటు ఇక్కడ ఉండదు. 20 కిలోవోల్టుల ఎలక్ట్రాన్లు లోహంలోకి ఒక మైక్రాను చుట్టుపక్కల దిగుతాయి. పూత అందులో అయిదో వంతే ఉంటే పై నుంచి చూసినప్పుడు బంగారం, వెండి కలిపి చూపిస్తుంది. అది చూసి బంగారం వెండి కలిపి పోసిన మిశ్రమమని రాసిన నివేదికలు చూశాను. ఇంకొక ఉచ్చు గంధకం, సీసం. ఈ రెండింటి గీతలు ఆ యంత్రంలో దాదాపు ఒకేచోట పడతాయి. నల్లబడిన వెండి మీద గంధకం ఉండడం ఖాయం, దాన్ని సీసమని చదివితే కాలం లెక్క మొత్తం తప్పుతుంది. సీసం ఉందో లేదో ఎక్కువ శక్తి గీతల దగ్గర సరిచూసుకోవాలి.

సీసం అంత ముఖ్యమెందుకంటే, పాత పద్ధతిలో వెండిని సీసంతో కలిపి పుటం పెట్టి శుద్ధి చేసేవాళ్లు. ఎంత చేసినా కొంచెం సీసం, బిస్మత్, రవ్వంత బంగారం వెండిలోనే మిగిలేవి. విద్యుత్తుతో వెండిని శుద్ధి చేసే పద్ధతి 1880ల్లో వచ్చాక ఆ వెండిలో ఇవి దాదాపు కనబడవు. కోతలో, పూతకు దూరంగా, వెండి నడిమధ్యన సీసమూ బంగారమూ జాడగా ఉన్నాయంటే పాత వెండి అని ఒక బలమైన సూచన. పాత నాణేలు కరిగించి కొత్తగా తీగ లాగినా అట్లాగే ఉంటుంది కాబట్టి సూచన అనే అంటున్నా. విద్యుత్తు పూత విషయమూ అంతే. ఆ పద్ధతికి ఇంగ్లండులో ఎల్కింగ్టన్ పేటెంటు 1840 నాటిది. నేటి సూరత్ సరిగలో వాడేది అదే. లాగిన పూత పొడవునా సాగినట్టు వెండికి అంటిపెట్టుకుని ఉంటుంది, విద్యుత్తు పూత లాగిన తీగ మీద చివర్లో వచ్చి గీతల సందుల్లో గింజలు గింజలుగా పేరుకుంటుంది. పోగు లోపల రాగి తీగ ఉండి, దాని మీద వెండి, ఆపైన బంగారు రంగు ఉంటే అది హాఫ్‌ఫైన్ రకం. పాలియెస్టర్ పొర మీద అల్యూమినియం మెరుపు ఉంటే ఇరవయ్యో శతాబ్దపు రెండో సగం కంటే పాతది కాదు, ఆ చెంబులో అది ఎట్లా చేరిందో వేరే ఆలోచించాలి.

‘కార్బన్ డేటింగ్ చేయిస్తే సరిపోదా’ అన్నారు. మీ మిద్దె వయసు చూస్తే అది పెద్దగా ఉపయోగపడదు. సుమారు 1650 నుంచి 1950 దాకా గాలిలో రేడియోకార్బన్ పాళ్లు పైకీ కిందికీ ఊగాయి. అందువల్ల ఆ మధ్యలో పండిన పత్తికి, తీసిన పట్టుకు ఒకే కొలతకు రెండు మూడు వేర్వేరు కాలాలు సరిపోతాయి. 1690 అయినా కావొచ్చు, 1800 అయినా కావొచ్చు, 1920 అయినా కావొచ్చు అని జవాబు వస్తుంది. అంతకంటే బాగా పాతదేమోనన్న అనుమానం ఉంటేనో, అణుపరీక్షలతో గాలిలో రేడియోకార్బన్ పెరిగిన తర్వాతిదేమో తేల్చడానికో చేయించాలి. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఆ సౌకర్యం ఉంది. దానికి కొన్ని మిల్లీగ్రాముల నిజమైన నార కావాలి, ఖనిజంగా మారిపోయిన నార పనికిరాదు.

దానికంటే రంగు ఎక్కువ మాట్లాడుతుంది. దారంలో ఎరుపు మిగిలి ఉంటే లక్కదా, చిరువేరుదా, కృత్రిమమా అన్నది రంగులోని రసాయనాలను విడదీసి చూపే ద్రవ క్రోమటోగ్రఫీ చెబుతుంది. కృత్రిమ రంగులు 1856 తర్వాతే వచ్చాయి. ఇంట్లోనే చేయగలిగింది ఒకటుంది, నోట్లు చూసే అతినీలలోహిత లైటు చీకట్లో వేసి చూడండి. నీలం తెలుపుగా వెలిగిందంటే సబ్బుపొడుల్లోని మెరుపు రసాయనం తగిలిన గుడ్డ, పాతది కాదు. వెలగకపోతే మాత్రం ఏదీ రుజువైనట్టు కాదు.

బంగారం రామగిరిదా జొన్నగిరిదా అని కూడా అడిగారు. మన ఉమ్మడి అనంతపురం, కర్నూలు జిల్లాల గనుల పేర్లు విన్నప్పుడు ఆ కోరిక నాకూ కలుగుతుంది. కానీ పూతకు వాడిన బంగారం ఎన్నోసార్లు కరిగి కలిసినది, నాణెం నగై, నగ రేకై, రేకు మళ్లీ ముద్దై ఉంటుంది. అంత పలచటి పొరలో గని గుర్తు వెతకడం డబ్బు దండగ.

లేపాక్షి గురించి ఒక మాట. నాట్యమంటపం పైకప్పు మీది బొమ్మల్లో అంచుల చీరలు, పొడవాటి కుళ్లాయిలు చూసి, అచ్యుతరాయల కాలంలోనే మన దగ్గర సరిగ నేసేవాళ్లని కొందరు తేల్చేస్తారు. నేసే ఉండొచ్చు, విజయనగరానికి వచ్చిన పోర్చుగీసువాళ్లు జరీ కుళ్లాయిల గురించి రాశారు కూడా. కానీ గోడ మీద ఉన్నది రంగుమట్టి, పోగు కాదు. ఆ బొమ్మ నమూనా చెబుతుంది, పోగు ఎట్లా చేశారో చెప్పదు. చేతికి దొరికిన అరచేయంత పీలిక ఆ గోడ చెప్పలేనిది చెబుతుంది కాబట్టే ఇంత పట్టుబడుతున్నా. అది నేతా కుట్టా అన్నది కూడా ముఖ్యం. మెరిసే పోగు పేక (అడ్డు దారం) వెంబడి పడుగు (నిలువు దారం) కింద పైనా దూరుతూ పోతే నేసినది. గుడ్డ మీద పరుచుకుని, సన్నటి దారంతో అక్కడక్కడా పట్టి కుట్టి ఉంటే జర్దోజీ రకం పని. నేసినదైతే గుడ్డ పేకకు తోడుగా అదనపు పేకగా వేశారా, అంచు వరకే నడిపారా చూడాలి. పట్టు నార పూర్తిగా కుళ్లిపోయినచోట రేకు ఒక్కటే బోలు స్ప్రింగులా మిగులుతుంది. అప్పుడు కూడా చుట్టు కుడికి తిరిగిందా ఎడమకా అన్నది చదవొచ్చు, దాన్ని బట్టి చుట్టిన చేతివాటం, ఊరి పద్ధతి పోల్చుకోవచ్చు. కాబట్టి రాలిన తీగ ముక్కల్ని తుక్కని ఊడ్చేయకండి.

చట్టం సంగతి తప్పించుకునేది కాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో గానీ, నేలకు అంటి ఉన్న కట్టడంలో గానీ దాచిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తహసీల్దారు ద్వారా పంపొచ్చు. పంపిన కాగితం నకలు మీద ముద్ర వేయించుకోండి. భయపడాల్సింది ఏమీ లేదు. ప్రభుత్వం తీసుకుంటే వెల కట్టి ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. చెప్పకుండా అమ్మడమో కరిగించడమో చేస్తేనే చిక్కు. నూరేళ్లు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తు చట్టం కిందికి కూడా వస్తుంది. కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది, ముందు అక్కడ చూపించడం మంచిది. పరీక్షకైతే సాంస్కృతిక ఆస్తుల పరిరక్షణకు లక్నోలో ఉన్న జాతీయ పరిశోధనశాలకు మైసూరులో ప్రాంతీయ ల్యాబు ఉంది, మనకు అదే దగ్గర. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బెంగళూరులో ఐఐఎస్‌సీలో బయటివాళ్లకూ రుసుముకు అందుబాటులో ఉంటుంది. అయితే నమూనా తీసి, కోత సిద్ధం చేసే చెయ్యి పురావస్తువులు తెలిసినవాళ్లదై ఉండాలి.

అందాకా చెంబును ఎట్లా ఉంచాలి? గుడ్డ ఉన్న వైపు పైకి కనిపించేలా, కదలకుండా, ఉతికిన తెల్ల నూలు గుడ్డ చుట్టగా చేసి దాని మీద కూర్చోబెట్టండి. మూత ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, పొట్లాలు చెంబుకు తగలకూడదు. ప్లాస్టిక్ కవర్లో తేమతో సహా మూట కట్టొద్దు. న్యూస్‌పేపరు, ఉన్ని గుడ్డ, రబ్బరు బ్యాండు దగ్గరకు రానివ్వొద్దు, ఉన్ని నుంచీ రబ్బరు నుంచీ వచ్చే గంధకం వెండిని నల్లబరుస్తుంది. పచ్చటి పెచ్చు మీద లేతాకుపచ్చ పొడి కొత్తగా రాలుతుంటే తేమ, ఉప్పు కలిసి రాగిని తింటున్నాయని అర్థం. అప్పుడు ఆలస్యం చేయకుండా మ్యూజియం వాళ్లకు చెప్పండి. కారు సీజను వానలు పడకముందే డబ్బాలోకి చేర్చండి.

ఇంకొకటి అడగాలి. చెంబు అడుగున మట్టి ఏమైనా మిగిలిందా? ఉంటే పారేయకుండా ఒక కాగితం పొట్లంలో విడిగా కట్టి, చెంబు దొరికిన చోటు, లోతు, పక్కనున్న రాళ్లు ఏవో దాని మీద రాయండి. గింజో, నాణెమో, పగిలిన గాజుముక్కో అందులో ఉంటే కాలం తేల్చడానికి పోగు కంటే అదే ముందు పనికి రావొచ్చు. ఫొటోలు తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టి, వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా చూసుకోండి. ఫోనుకు తగిలించే చిన్న భూతద్దం దొరికితే మెరిసే పోగు అంచును వీలైనంత దగ్గరగా తీసి పంపండి. అంచు గుండ్రమా పదునా అన్నది అందులో కొంత కనబడినా, ఏ ల్యాబుకు ఏమని రాయాలో చెప్పగలను.